సీటు దాకానేనా మన బాధ్యత?

కొంచెం పొడుగైన రాత ఇది. ఓపికగా చివరిదాకా చదవండి, ఆ తరువాత తిట్టేవాళ్ళు తిట్టండి.

పోయిన కార్యవర్గ సమావేశంలో విద్యానిధి గురించి ఒక ముసాయిదా తీర్మానం చదివారు. ఈ ఏడాది నిధి మొత్తం నీట్ కోచింగ్ ఫీజులకే ఇవ్వాలని దాని సారాంశం. మెడికల్ కాలేజీలో ఇప్పటికే చేరిన మన పిల్లలకు వారానికొకసారి చర్చా తరగతి పెడదామని మేము ఇచ్చిన ప్రతిపాదనను రెండు నిమిషాల్లో పక్కన పెట్టేశారు. పక్కన పెట్టే హక్కు కార్యవర్గానికి ఉంది, కాదనము. అయితే అందుకు చెప్పిన కారణాలు వింటే ఊరుకోలేకపోయాము. ఏమన్నారంటే, "కాలేజీలో చేరాక చదువు చెప్పడం కాలేజీ పని. పైగా ఈ గ్రూపులు, కేసులు, చర్చలు అన్నీ పాఠం చెప్పడానికి బద్ధకించే మాస్టర్లు కనిపెట్టిన సాకు. మా కాలంలో ప్రొఫెసరు నిలబడి గంటసేపు చెప్పేవాడు, పిల్లలు రాసుకునేవాళ్ళు. వాళ్ళంతా మంచి డాక్టర్లు కాలేదా?" ఈ మాటకు వాట్సాప్ గ్రూపులో వరసగా బొటనవేళ్ళు లేచాయి. అందుకని జవాబు అందరికీ కనబడేలా ఇక్కడే రాస్తున్నాము.

మేము అంటే ఎవరని అడుగుతారు. సంఘంలో ఏ పదవీ లేని పాత సభ్యులం అయిదారుమందిమి. రైల్వే గుమాస్తాగిరీ చేసి రిటైరైనవాళ్ళం, ఒక స్కూలు మాస్టరు, ఆస్పత్రిలో నర్సుగా ముప్పై ఏళ్ళు చేసిన ఒక అక్కగారు. అందరిదీ ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు అవ్వల దగ్గర, పంచాంగాల్లో చూసి నేర్చుకున్నవాళ్ళం. రాతలో పండితులకు లోటు కనబడితే పోనివ్వండి, వాదంలో లోటుంటే మాత్రం వదలకండి.

ముందు అసలు విషయం. ప్రాబ్లం బేస్డ్ లెర్నింగ్ అంటే ఏమిటో తెలియకుండానే సగంమంది తీర్పు చెప్పేశారు. మామూలు పద్ధతి మనకు తెలిసిందే. మొదటి ఏడాది శరీర నిర్మాణం, శరీరం పనిచేసే తీరు, బయోకెమిస్ట్రీ. తరువాత రోగాలు, మందులు. ఆ తరువాత వార్డు, రోగి మంచం. అంటే పుస్తకం ముందు, మనిషి వెనక. ఈ కొత్త పద్ధతిలో మనిషి ముందు వస్తాడు.

ఒక ఉదాహరణ చెబుతాము. మాలోని నర్సు అక్కగారు అల్లిన కేసు ఇది. గుడియాత్తం పక్కన బీడీలు చుట్టే ఆడమనిషి, నలభై అయిదేళ్ళు. మూడు నెలలుగా ఆయాసం. సాయంత్రమయ్యేసరికి పాదాలు ఉబ్బుతున్నాయి. మేడమెట్లు సగం ఎక్కి కూర్చుండిపోతోంది. ఇంతే కాగితం మీద ఉంటుంది. ఎనిమిదిమంది పిల్లలు, ఒక మాస్టరు చుట్టూ కూర్చుంటారు. మాస్టరు జవాబు చెప్పడు. ఒకడు గుండె జబ్బంటాడు. ఒకతె మూత్రపిండాలంటుంది. ఇంకొకడు కాలేయం అంటాడు. సరే, గుండె దెబ్బతింటే కాళ్ళెందుకు ఉబ్బుతాయి? మూత్రంలో ప్రోటీన్ పోతే ఎందుకు ఉబ్బుతాయి? కాలేయం ఆల్బుమిన్ తయారు చెయ్యకపోతే? మూడు వాపులూ చూడటానికి ఒకటే, దారులు వేరు. ఆ దారులు తెలియాలంటే శరీరశాస్త్రం పుస్తకం తెరవక తప్పదు. ఎవరికేమి తెలియదో జాబితా రాసుకుంటారు, పంచుకుంటారు, వెళ్ళి చదువుకుని రెండు మూడు రోజుల్లో మళ్ళీ కూర్చుంటారు. అప్పుడు మాస్టరు ఇంకో కాగితం ఇస్తాడు. కింది రెప్ప లాగి చూస్తే తెల్లగా ఉంది, హిమోగ్లోబిన్ చాలా తక్కువ. రక్తం తక్కువైతే కాళ్ళు ఉబ్బడమేమిటి? తక్కువ రక్తంతోనే ఒళ్ళంతటికీ ప్రాణవాయువు అందించాలని గుండె నెలల తరబడి పరుగెత్తి పరుగెత్తి అలిసిపోతుంది, నీరు ఒంట్లో నిలుస్తుంది. ఆ సంగతి పిల్లలు తామే తవ్వి తీస్తారు. అంతటితో ఆగదు. రక్తం ఎందుకు తగ్గింది? తిండా, నెలసరిలో అధిక రక్తస్రావమా, కడుపులో కొంకి పురుగులా? మూడు నెలలు ఎందుకు ఆగింది? ఒకరోజు ఆస్పత్రికి వస్తే ఆరోజు బీడీల కూలి పోతుంది గనక.

ఇది ఏ సబ్జెక్టు అంటారు చెప్పండి? అన్నీ. ఈ పనిలో బద్ధకానికి చోటెక్కడ? గంట పాఠం చెప్పి వెళ్ళిపోవడమే సులువు. జవాబు తెలిసి కూడా నోరు మూసుకుని, పిల్లలు తప్పుదారి పట్టినప్పుడు ఒక ప్రశ్నతో దారిలో పెట్టడం ఎంత కష్టమో మాలోని స్కూలు మాస్టరుగారిని అడగండి.

ఇది నిన్న మొన్న పుట్టిన సరదా అని ఇంకొకరు రాశారు. కెనడాలో ఒంటారియో రాష్ట్రంలో హామిల్టన్ అని ఉక్కు కర్మాగారాల ఊరు ఉంది. అక్కడి మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో జాన్ ఎవాన్స్ డీన్‌గా ఉండగా కొత్త మెడికల్ కాలేజీ పెట్టి 1969లో మొదటి తరగతిని 20 మందితో ఈ పద్ధతిలో మొదలుపెట్టారు. అంటే మాలో చాలామంది ఎలిమెంటరీ బడిలో పలక పట్టుకుని ఉన్నప్పుడు. తరువాత 1974లో నెదర్లాండ్స్‌లో మాస్ట్రిక్ట్, ఆ తరువాత ఆస్ట్రేలియాలో న్యూకాసిల్ అందుకున్నాయి. 1985లో హార్వర్డ్ కూడా పాఠాలూ చర్చలూ కలిపి తనదైన రూపంలో తీసుకుంది. మాస్ట్రిక్ట్ వాళ్ళు దీన్ని ఏడు మెట్లుగా కట్టారు. అందులో మొట్టమొదటి మెట్టు ఏమిటో గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అక్కడికే వస్తాము. రోగి చెప్పిన మాటల్లో అర్థం కానివి ఏవో తేల్చుకోవడం. రోగనిర్ధారణ, మందు, ఆపరేషన్ అన్నీ దాని తరువాతే.

అక్కడి సంగతి మనకెందుకు అంటారా? మన దేశం నియమాలే చూడండి. భారత వైద్య మండలి 1997లో చేసిన ఎంబీబీఎస్ నిబంధనల్లోనే ఉంది: ఉపన్యాసాలు మొత్తం కాలంలో మూడోవంతుకు మించకూడదు, మిగిలిన రెండు వంతులు ప్రాక్టికల్స్, వార్డు పని, గ్రూపు చర్చలు ఉండాలి. సమస్య నుంచి మొదలుపెట్టి నేర్చుకోవడం, కేసులు, సమాజ ఆరోగ్య పనులు, అన్నీ ఆ కాగితంలో ఉన్నాయి. 2019లో కొత్త పాఠ్యప్రణాళిక వచ్చింది. మొదటి ఏడాదిలోనే రోగిని చూపించాలి, రోగితో మాట్లాడే తీరు నేర్పాలి అని ఇంకా గట్టిగా చెప్పింది. 2020లో మండలి పోయి జాతీయ వైద్య కమిషన్ వచ్చినా ఆ దారి మారలేదు. ఒక్కో విద్యార్థి పల్లెలో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకోవాలని కూడా చేర్చారు. కాబట్టి మేము అడుగుతున్నది విదేశీ సరదా కాదయ్యా. మన దేశంలో పాతికేళ్ళకు పైగా రాసిపెట్టి ఉన్న నియమం.

రాసిపెట్టి ఉన్నంతమాత్రాన జరుగుతుందా? రైల్వేలో పనిచేసినవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. సర్క్యులర్ వస్తుంది, అందరూ చూసినట్లు సంతకాలు పెడతారు, ఫైలుకు దారం కడతారు. ఇక్కడ కూడా లెక్క వేసి చూడండి. 150 సీట్ల కాలేజీలో ఎనిమిదిమందికొక గ్రూపు అంటే 19 గ్రూపులు. 19 గదులు, ఒకే సమయానికి 19 మంది మాస్టర్లు, అదీ ఈ విద్య నేర్చినవాళ్ళు. ఖాళీ పోస్టుల వార్తలు పేపర్లో మనమే చదువుతున్నాము. అందుచేత టైంటేబుల్‌లో చిన్న గ్రూపు చర్చ అని ఉంటుంది, లోపలికి వెళితే యాభైమంది కూర్చుని ఉంటారు, మాస్టరు స్లయిడ్లు తిప్పుతూ ఉంటాడు. మన పిల్లలు చెప్పిన మాటే ఇది. ఏ కాలేజీ అని మమ్మల్ని అడగకండి, చెప్పము. మీ ఇళ్ళలో చదువుతున్న పిల్లలుంటే వాళ్ళనే అడగండి.

"అయితే మనమేం చేస్తాం, ప్రభుత్వం చెయ్యాలి" అనే మాట వెంటనే వస్తుంది. ప్రభుత్వం చెయ్యవలసింది ప్రభుత్వం చెయ్యాలి, దానికి వేరే అర్జీ పెడదాం. కాని మనం చెయ్యగలిగింది ఒకటుంది. అది మన పిల్లల నోరు తెరిపించడం. అది ఎందుకు మూతబడిందో ముందు చూద్దాం.

నీట్ పరీక్ష 180 ప్రశ్నలు, 720 మార్కులు. ప్రతి ప్రశ్నకు నాలుగు జవాబులు, అందులో ఒకటి నల్లబరచాలి. ప్లస్ టూ అయ్యాక ఒక ఏడాది, కొందరు రెండేళ్ళు, రోజంతా ఇదే పని. మాట్లాడటానికి లేదు, అడగటానికి లేదు, అనుమానం వస్తే వదిలేసి పక్క ప్రశ్నకు పోవాలి. (మా రైల్వేలో కోచింగ్ అంటే ప్రయాణికుల బండ్లు. కోచింగ్ టారిఫ్ అని ఒక లావుపాటి పుస్తకం కూడా ఉండేది. ఇప్పుడు కోచింగ్ అంటే బండి ఆగకుండా పోవడమే.) ఇలా రెండేళ్ళు తయారైన పిల్లవాణ్ణి తీసుకెళ్ళి గుండ్రంగా కూర్చోబెట్టి, నీకేమనిపిస్తోంది చెప్పు అంటే ఏం చెబుతాడు? రోగి నాలుగు జవాబులు చేతిలో పట్టుకుని రాడు కదా.

ఇందులో ప్రభుత్వ బడి పిల్లల కష్టం ఇంకో ఎత్తు. 2020లో తమిళనాడు ప్రభుత్వం చట్టం చేసి, ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్ళకు మెడికల్ సీట్లలో 7.5 శాతం ఇచ్చింది. మంచి చట్టం, ఎవరు ఏమన్నా మేము దానిపక్షం. హోసూరు వైపు, తిరుత్తణి వైపు, కోవిల్‌పట్టి వైపు మన కూలీల పిల్లలు, నేతపనివాళ్ళ పిల్లలు డాక్టరు చదువు గడప తొక్కుతున్నారంటే అందులో ఆ చట్టం పుణ్యం ఉంది. మనం ఏం చేశాము? శాలువా కప్పాము, ఫోటో తీశాము, జ్ఞాపిక ఇచ్చాము, గ్రూపులో పెట్టాము. ఆ పిల్ల కాలేజీలో ఎలా ఉందని ఒక్కరమైనా ఫోన్ చేశామా?

చేసినవాళ్ళు మాలో ఉన్నారు గనక చెబుతున్నాము. మన సంఘం పిల్లే, పేరెందుకు. పన్నెండేళ్ళు తమిళ మాధ్యమం. గ్రూపు చర్చలో మిగతావాళ్ళు ఇంగ్లీషులో టకటకా మాట్లాడతారు. ఈమెకు జవాబు తెలుసు, వాక్యం కట్టేలోగా మాట ఇంకొకరి చేతికి పోతుంది. ఆరు నెలలు నోరు తెరవలేదు. నోట్‌బుక్కులో మాత్రం అన్నీ తమిళంలో రాసుకుంది. మాస్టరు ఆమె పేరు దగ్గర పాల్గొనలేదు అని రాశాడు. పాల్గొనలేదా, పాల్గొననివ్వలేదా?

తరువాత ఒకరోజు వార్డులో పలమనేరు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ ఉంది. తమిళం రాదు. ఏమిటమ్మా కష్టం అంటే, "లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్ముతాయి నాయనా" అంది. పక్కనున్న ఆయాకు సగం తెలుగు వచ్చు. కళ్ళు అన్న మాట ఒక్కటి పట్టుకుని, కన్ను కనబడటం లేదంటోంది అని తమిళంలో చెప్పేసింది. కంటి విభాగానికి పంపమని చీటీ రాయబోయారు. అప్పుడు ఈ పిల్ల నోరు తెరిచింది. బైర్లు కమ్మడం అంటే కంటి జబ్బు కాదు సార్, లేచినప్పుడు ఒక్క క్షణం చీకటైపోయి పడబోవడం, అని. అప్పుడు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశారు. నిలబడితే పడిపోతోంది. ముసలమ్మ చీర కొంగు విప్పితే బీపీ మాత్రలు రెండు రకాలు, ఇద్దరు వేరువేరు డాక్టర్లు ఇచ్చినవి, రెండూ వేసుకుంటోంది.

మాస్ట్రిక్ట్ వాళ్ళ మొదటి మెట్టు గుర్తుందా? అర్థం కాని మాట తేల్చుకోవడం. ఆ మెట్టు ఎక్కకుండా మిగిలిన ఆరూ ఎక్కినా లాభం లేదు. మన రాయవేలూరుకే చూడండి, చిత్తూరు నుంచి, నెల్లూరు నుంచి ఎంతమంది తెలుగువాళ్ళు వైద్యానికి వస్తారు! 1918లో ఐడా స్కడర్ అక్కడ ఆడపిల్లలకు వైద్య పాఠశాల మొదలుపెట్టిన నాటికే చుట్టుపక్కల పల్లెల్లో తమిళమూ తెలుగూ రెండూ వినబడేవి. ఇప్పటికీ ఆ కాలేజీ మొదటి ఏడాది పిల్లలను పల్లెల్లో ఉంచి నేర్పిస్తుంది. రోగి ఉండేచోటు, రోగి మాట తెలియకుండా వైద్యం రాదని వాళ్ళు ఎప్పుడో గ్రహించారు. గుండెలో మంట, గుండెలో దడ, గుండె పట్టేయడం, గుండెలవిసిపోవడం, ఈ నాలుగింటికీ తేడా మన అవ్వలకు తెలుసు. తమిళంలో నెంజెరిచ్చల్ వేరు, నెంజు వలి వేరు. మయక్కం అని ఒక్క మాటతో తల తిరగడాన్నీ, స్పృహ తప్పడాన్నీ చెబుతారు, ఏదో అడిగి తెలుసుకోవాలి. ఈ రెండు భాషలూ ఇంట్లోంచే తెచ్చుకున్న పిల్ల మీ దృష్టిలో వెనకబడిన విద్యార్థి. మా దృష్టిలో ఆ గదిలో అందరికన్నా ముందున్నది ఆమే. ఆ ముందున్న సంగతి ఆమెకు తెలియజెప్పేవాళ్ళు లేరు, అంతే.

మా ఉద్యోగం సంగతి ఒకటి చెబితే ఇంకా తేటపడుతుంది. మాలో ఒకరిద్దరు కాట్పాడి జంక్షన్‌లో పనిచేశారు. వేలూరు ఆస్పత్రులకు వచ్చేవాళ్ళంతా దిగేది అక్కడే. ఎక్కడెక్కడో బెంగాల్ నుంచి వస్తారు. బాగుపడి నవ్వుతూ పోయేవాళ్ళే ఎక్కువ, కాని కొందరు మనిషిని పోగొట్టుకుని పార్శిల్ ఆఫీసు ముందు నిలబడతారు. శవపేటికను బండిలో తీసుకుపోవడానికి నియమాలున్నాయి. ఏ కాగితాలు, ఏ సర్టిఫికెట్టు, ఎంత చార్జి, అన్నీ తిరుచ్చిలో శిక్షణలో కంఠతా పెట్టించారు. కౌంటరు ముందు ఒక బెంగాలీ కుర్రవాడు నిలబడి, ఏడవడానికి కూడా ఓపిక లేక, చేతిలో కాగితాల కట్ట అటూ ఇటూ తిప్పుతూ ఉంటే పుస్తకంలో పేజీ ఏం చేస్తుంది? ముందు వాడికి కావలసినదేమిటో తెలియాలి. మంచినీళ్ళు ఇచ్చి, హిందీ వచ్చిన పోర్టరును పిలిచి, ఏ బండికి వెళ్ళాలి, ఊళ్ళో దింపుకోవడానికి ఎవరున్నారు అని అడగాలి. అవి తేలాక ఆ నియమాల్లో ఏది ఎందుకు పెట్టారో దానంతట అదే అర్థమవుతుంది. మాకు ముందున్న పెద్ద గుమాస్తాలు మాకిలాగే నేర్పారు. కేసు ముందు పెట్టి, నువ్వయితే ఏం చేస్తావురా అని అడిగేవాళ్ళు. దానికి పేరేమిటో వాళ్ళకూ తెలియదు, మాకూ తెలియదు.

అయినా నియమాల పుస్తకం వద్దనలేదు ఎవరూ. ఈ మాట నొక్కి చెబుతున్నాము, ఎందుకంటే మా ప్రతిపాదనను వ్యతిరేకించినవాళ్ళలో ఒక డాక్టరుగారు లేవనెత్తిన అభ్యంతరం గట్టిదే. పునాది లేకుండా చర్చ పెడితే గుడ్డివాడికి గుడ్డివాడు దారి చూపినట్లు అవుతుందన్నారు. నిజమే. 2006లో కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అనే ముగ్గురు పరిశోధకులు ఇదే వాదన పెట్టారు: అసలేమీ తెలియని కొత్తవాడికి దారి చూపకుండా నువ్వే కనుక్కో అంటే బుర్ర మీద భారం పెరుగుతుందే గాని చదువు రాదని. అంతకుముందు 1993లో అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ చేర్చి చూసినవాళ్ళకు, ఈ పద్ధతిలో చదివినవాళ్ళు రోగి దగ్గర పనిలో తీసిపోలేదని, కొన్నిచోట్ల మెరుగని, చదువు మీద ఇష్టం ఎక్కువని, అయితే మూలశాస్త్రాల పరీక్షల్లో కొన్నిచోట్ల మార్కులు తగ్గాయని తేలింది. అంతెందుకు, పుట్టింటివాళ్ళయిన మెక్‌మాస్టర్‌లోనే 1980ల చివర లైసెన్సు పరీక్ష ఫలితాలు దెబ్బతిన్నాయి. వాళ్ళేం చేశారు? పద్ధతిని తిట్టి పారెయ్యలేదు. ఎవరి చదువు ఎంతవరకు వచ్చిందో తెలిసేలా ఏడాదిలో పలుమార్లు ఒక పరీక్ష పెట్టారు, వెనకబడినవాళ్ళను ముందే పట్టుకున్నారు. ఇంకొకటి కూడా వినండి. 2008లో కెనడా వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష, చదువు ముగించి డాక్టర్లుగా పనిచేస్తున్నవాళ్ళను చూసింది. ఈ పద్ధతిలో చదివినవాళ్ళు ముఖ్యంగా రోగితో మాట్లాడటంలో, ఏదీ తేలని స్థితిని తట్టుకోవడంలో మెరుగని చెప్పింది. మనకు కావలసిన డాక్టరు ఎలాంటివాడో మీరే ఆలోచించండి.

కాబట్టి డాక్టరుగారూ, మీ అభ్యంతరం మా ప్రతిపాదనకు ఎదురు రాదు, దానికి కాపలా కాస్తుంది. కాలేజీ ఉపన్యాసాలు ఉండనే ఉంటాయి. పునాది అక్కడ పడుతుంది. అక్కడ జరగని చర్చ మనం పెడదామన్నాము. తెలిసిన మనిషి ఒకరు పక్కన ఉండి దారి తప్పకుండా చూడాలి. ఆ మనిషి మీరే కావాలని మా కోరిక. నిందాస్తుతి కాదు, నిజంగానే అడుగుతున్నాము.

"మా కాలంలో ఉపన్యాసం విన్నవాళ్ళు మంచి డాక్టర్లు కాలేదా?" అన్నదానికి కూడా ఒక మాట. అయ్యారు. కాని వాళ్ళను డాక్టర్లను చేసింది ఉపన్యాసమేనా? ఆ కాలం పెద్ద డాక్టర్లను అడిగితే, మద్రాసు ఆస్పత్రి వార్డుల్లో రోగి మంచం పక్కన నిలబెట్టి ఏమిట్రా ఇది అని గద్దించి నేర్పిన మాస్టరునే తలుచుకుంటారు. గంట ఉపన్యాసాన్ని తలుచుకున్నవాళ్ళను మేము ఇంతవరకు చూడలేదు. మంచం పక్క చదువు అప్పుడూ సమస్యతో మొదలైన చదువే. ఇప్పుడు ఆ మంచం పక్కనే నిలబడి పిల్లలు ఫోన్‌లో పీజీ పరీక్షకు బహుళైచ్ఛిక ప్రశ్నలు చేసుకుంటున్నారు. వాళ్ళను తప్పు పట్టలేము, వాళ్ళ భవిష్యత్తు ఆ పరీక్ష చేతిలో ఉంది. కాని అలా నేర్చిన డాక్టరు దగ్గరికి రేపు మనమే వెళ్ళాలి. మాత్రలు రెండు రకాలు కొంగుకు కట్టుకుని వెళ్ళేది మనమే.

ఇక కోచింగ్ మాట. కోచింగ్‌కు సాయం వద్దని మేము అనలేదు, అన్నామని ప్రచారం చేస్తున్నారు. లోపలికి వెళ్ళలేని పిల్లకు తలుపు తీయడం మంచిదే. మొత్తం నిధి తలుపు దగ్గరే పొయ్యడం మాత్రం ఒప్పుకోము. సీటు వచ్చిన వార్త వల్ల సంఘానికి పేరు వస్తుంది. రెండో ఏడాది ఒక పిల్ల ఫార్మకాలజీ తప్పి హాస్టల్ గదిలో తలుపేసుకుని కూర్చున్న వార్త వల్ల ఏ పేరూ రాదు. నిధి ఖర్చు ఫోటోలు పడే చోటనే జరుగుతోందని మేము అంటే కోపం వస్తోంది. లెక్కల పుస్తకం తెరిచి కాదని చూపించండి.

మా ప్రతిపాదన సరిగా చదవనివాళ్ళ కోసం మళ్ళీ చెబుతున్నాము. నిధిలో నాలుగోవంతు అడిగాము, అంతకు మించి రూపాయి అడగలేదు. అందులో పుస్తకాలు, దూరం నుంచి వచ్చే పిల్లలకు బస్సు చార్జీలు, కాఫీ ఖర్చు. శనివారం సాయంత్రం మన హాలు ఎలాగూ ఖాళీ. మెడికల్ చదివే మన పిల్లలు, వాళ్ళ స్నేహితులు ఎవరైనా సరే, తెలుగువాళ్ళే కానక్కరలేదు, ఎనిమిది పదిమంది వస్తే చాలు. ఒక రిటైరైన డాక్టరు. వారానికొక కేసు. మొదట తమిళంలోనో తెలుగులోనో నోటికొచ్చినట్లు మాట్లాడుకుంటారు, తరువాత అదే విషయం ఇంగ్లీషులో చెప్పడం అలవాటు చేసుకుంటారు. సోమవారం కాలేజీలో ఆ వాక్యం సిద్ధంగా ఉంటుంది. ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లలకు ఇదే హాలులో బైర్లు అంటే ఏమిటో తెలుస్తుంది. ఇచ్చి పుచ్చుకోవడమే.

మరి రోగి ఎవరు? దానికే రోగులను హాలుకు తీసుకురాలేము, తీసుకురాకూడదు. 1960లలో అమెరికాలో హోవార్డ్ బారోస్ అనే నరాల వైద్యుడు ఒక ఉపాయం చేశాడు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఒక రోగి కథ, నడక, నొప్పి చూపే తీరు నేర్పి విద్యార్థుల ముందు కూర్చోబెట్టాడు. ఈయనే తరువాత మెక్‌మాస్టర్‌కు వచ్చి ఈ పద్ధతికి పెద్ద దిక్కయ్యాడు. ఇప్పుడు ప్రపంచమంతా ఆ అలవాటు ఉంది. మన సంఘంలో ముసలివాళ్ళకు కొదవ ఉందా? నొప్పి గురించి గంటసేపు చెప్పగలిగినవాళ్ళకు కొదవ ఉందా? సంక్రాంతి నాటకాల్లో వేషాలు కట్టినవాళ్ళు ఇంకా ఉన్నారు. నర్సు అక్కగారు ఇప్పటికి పదకొండు కథలు రాసి పెట్టారు. బీడీల మనిషి వేషానికి ఒక అక్క ఒప్పుకున్నారు, చక్కెర జబ్బు దాచిపెట్టే మొండి తాత వేషానికి మాలోనే ఇద్దరు పోటీ పడుతున్నారు. డాక్టరు మొహం కూడా చూడకుండా కాగితంలో రాసుకుంటుంటే రోగికి ఎలా ఉంటుందో ఆ పిల్లలకు చెప్పగలిగినవాళ్ళు మాకంటే ఎవరున్నారు?

సవరణ పత్రం కార్యదర్శిగారికి ఇచ్చాము: ముసాయిదాలో "మొత్తం" అన్న మాట తీసి "మూడు వంతులు" అని మార్చాలి. దానిమీద ఇప్పటికి పదిహేడుమంది సంతకాలు పెట్టారు. సర్వసభ్య సమావేశంలో సవరణ ఓటుకు పెట్టడానికి ఇంకా ఎనిమిది సంతకాలు కావాలి. పత్రం హాలు వాచ్‌మన్ దగ్గర ఉంది, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది లోపు వచ్చి పెట్టవచ్చు. వ్యతిరేకించేవాళ్ళు కూడా రండి. కేసు కాగితం ఒకటి అక్కడే పెట్టాము, చదివి ఆ ఆడమనిషికి కాళ్ళెందుకు ఉబ్బాయో మీ ఇంట్లో డాక్టరు చదివే పిల్లలను అడిగి చూడండి.